అక్కకి రాసిన ఉత్తరం

1812వ సంవత్సరం, మార్చి నెల. పారిస్‌లో ఒక ఇంట్లో అరవయ్యేళ్లకి దగ్గర పడుతున్న ఒకామె కాగితం, కలం ముందు పెట్టుకుని కూర్చుంది. రాయాల్సింది ఇంగ్లండులో ఉన్న సొంత అక్కకి. చెప్పాల్సింది ఆరునెలల కిందట తనకి జరిగిన ఆపరేషన్ గురించి. కాస్త రాసేసరికి తలనొప్పి వచ్చేది. పక్కన పెట్టేసేది. కొన్నాళ్లు పోయాక మళ్లీ మొదలుపెట్టేది. ఆ ఒక్క ఉత్తరం పూర్తయ్యేసరికి మూడు నెలలు పట్టింది.

ఆమె పేరు ఫానీ బర్నీ. ఆ కాలంలో ఇంగ్లండులో నవలలు చదివే ప్రతివాళ్లకీ తెలిసిన పేరు. అలాంటి రచయిత్రికి ఒక ఉత్తరం రాయడానికి అంత కష్టమేమిటి అనిపిస్తుంది. కష్టమే మరి! ఆ ఆపరేషన్ రొమ్ము క్యాన్సర్‌కి చేసింది. మత్తుమందు లేని రోజుల్లో చేసింది. ఇరవై నిమిషాలపాటు తెలివితో ఉండి తను అనుభవించినదంతా ఒక ఆడమనిషి తన చేత్తో రాసిపెట్టడం అప్పటికి ఎవరూ ఎరగని సంగతి. ఆమె నవలలు చదవనివాళ్లు కూడా ఈనాడు ఆ ఉత్తరం గురించి చెప్పుకుంటారు.

ఆ ఉత్తరం ఎందుకు రాసిందో, అంత బాధనీ మళ్లీ ఎందుకు తవ్వుకుందో అర్థం కావాలంటే ఆమె చిన్నతనం నుంచీ చెప్పుకురావాలి.

మొద్దు పిల్ల

ఫానీ 1752 జూన్ 13న ఇంగ్లండులోని కింగ్స్ లిన్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి చార్లెస్ బర్నీ సంగీతం మేష్టారు. తర్వాత లండన్‌కి మారి, సంగీత చరిత్ర రాసి గొప్ప పండితుడుగా పేరు తెచ్చుకున్నాడు. ఇంటినిండా పిల్లలు, పాటలు, వచ్చేపోయే అతిథులు. అంత సందడిలోనూ ఫానీ ఓ మూల ఒదిగి కూర్చునే పిల్ల. ఎనిమిదేళ్లు వచ్చినా అక్షరాలు రాలేదు. చూసినవాళ్లంతా మొద్దు అనుకున్నారు.

పదేళ్ల వయసులో తల్లి పోయింది. ఆ తర్వాత తండ్రి పెద్దమ్మాయి ఎస్తర్‌నీ, ఫానీ తర్వాతి పిల్ల సుసానాని చదువుకోసం పారిస్ పంపించాడు. మధ్యలో ఉన్న ఫానీని మాత్రం పంపలేదు. ఆమెకి బడి లేదు, పంతులు లేడు. తండ్రి పుస్తకాల గదిలో తనంతట తానే చదువుకుంది. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయేగానీ వచ్చాక ఇక ఆగలేదు. కథలు, పద్యాలు, నాటకాలు, చివరికి ఒక పూర్తి నవలా... అన్నీ రహస్యంగానే. చదివి వినిపించేది ఒక్క సుసానాకే.

ఆడపిల్ల నవలలు రాయడమంటే ఆ రోజుల్లో పరువు తక్కువ పని. ఆ మాట మనసులో పడి కుదిపేసిందో ఏమో, పదిహేనో పుట్టినరోజునాడు ఫానీ తను రాసినవన్నీ పెరట్లో కుప్పపోసి నిప్పు పెట్టేసింది. పక్కన నిలబడి సుసానా కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇక రాయకూడదని ఒట్టు పెట్టుకున్న ఆ పిల్ల నిండా ఏడాది కూడా ఉండలేకపోయింది. 1768 మార్చిలో డైరీ మొదలుపెట్టింది.

ఆ డైరీ ఎవరికి రాసిందో తెలుసా? ఎవరూ కాని మనిషికి! మనసులో మాట దాపరికం లేకుండా చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పాలి? చెబితే ఏమనుకుంటారో! అందుకని ఎవరూ కాని మనిషి అనే ఒక స్నేహితురాలిని ఊహించుకుని ఆమెకి ఉత్తరాలు రాసినట్టు రాసుకుంది. నలుగురు మసిలే ఇంట్లో ఉండి కూడా చెప్పుకునే మనిషి లేకపోవడమంటే ఏమిటో మనలో చాలామందికి విడమరిచి చెప్పక్కర్లేదు.

తండ్రికి తెలియని కూతురు

పగలంతా తండ్రి పుస్తకానికి శుద్ధప్రతులు రాసిపెట్టడం ఫానీ పని. రాత్రిళ్లు మిగిలిన సమయంలో దొంగచాటుగా తన నవల రాసుకునేది. తన చేతిరాత ప్రెస్సువాళ్లకి పరిచయమే కాబట్టి దొరికిపోతానని భయపడి, ఆ నవల మొత్తం రాత మార్చి మళ్లీ ఎత్తి రాసింది. తమ్ముడికి వేషం మార్చి, ప్రచురణకర్త దగ్గరికి ఆ కట్ట ఇచ్చి పంపింది. పేరు లేని రచన మాకొద్దని మొదటివాళ్లు తిప్పి పంపారు. రెండోవాళ్లు ఇరవై గినీలు ఇచ్చి తీసుకున్నారు.

అలా 1778 జనవరిలో 'ఎవెలీనా' వెలువడింది. ఒక అమ్మాయి మొదటిసారి పెద్ద ప్రపంచంలోకి అడుగుపెట్టి, తప్పులు చేస్తూ, నలుగురినీ చూసి నేర్చుకుంటూ, ఆ సంగతులన్నీ ఇంటికి ఉత్తరాలు రాసే కథ. లండన్ అంతా దాన్నే చదివింది. రాసిందెవరో ఎవరికీ తెలియదు. నెలలు గడిచాకగానీ కన్నతండ్రికి కూడా తన కూతురే రాసిందని తెలియలేదు. తెలిశాక కోప్పడతాడేమోనని వణికింది పాపం. ఆయన పొంగిపోయాడు. ఆంగ్ల నిఘంటువు కూర్చిన మహాపండితుడు శామ్యూల్ జాన్సన్ ఆ నవలని మెచ్చుకున్నాడని కబురు అందినప్పుడు, ఇరవయ్యారేళ్ల ఫానీ పట్టలేని సంతోషంతో తోటలో మల్బరీ చెట్టు చుట్టూ గంతులేసిందట!

1782లో 'సిసీలియా' వచ్చింది. పేరు స్థిరపడిపోయింది. తర్వాతి తరంలో జేన్ ఆస్టిన్ లాంటి రచయిత్రి ఆమె పుస్తకాలు చదివి పెరిగింది. అంత పేరొచ్చినా ఇంట్లో మాత్రం ఫానీ అణగిమణగి ఉండే కూతురే. సరదాగా ఒక హాస్య నాటకం రాస్తే, పెద్ద పండితురాళ్లకి కోపాలొస్తాయని తండ్రి వద్దన్నాడు. నోరెత్తకుండా పెట్టెలో పెట్టేసింది.

బంగారు పంజరం

1786లో మూడో జార్జి చక్రవర్తి భార్య షార్లెట్ రాణి కొలువులో ఉద్యోగం వచ్చింది. జీతం ఏడాదికి 200 పౌన్లు. రాణిగారికి దుస్తులు వేయడంలో సాయం చెయ్యాలి. తండ్రికి అంతకంటే గౌరవం లేదనిపించింది. కూతురికి మాత్రం గుండెలో రాయి పడింది. తండ్రి ముఖం చూసి కాదనలేక ఒప్పుకుంది.

పొద్దున్న లేచింది మొదలు అర్ధరాత్రి దాకా గంట మోగితే పరిగెత్తాలి. పైన ఉన్న ఉద్యోగిని కటువైన మనిషి. స్నేహితులు రాకూడదు, ఇష్టమైనచోటికి పోకూడదు. తన పుస్తకం రాసుకునే తీరిక ఎక్కడిది? ఆ అయిదేళ్లూ ఆమెని నిలబెట్టింది సుసానాకి రాసిన ఉత్తరాలే. రోజువారీ కబుర్లు డైరీలాగా రాసి, కట్టలు కట్టి చెల్లెలికి పంపేది. రాజుగారికి మతిచలించిన రోజుల్లో కోటలో ఎంత భయం భయంగా గడిచిందో రాసింది. మనం చరిత్ర పాఠాల్లో చదువుకున్న వారన్ హేస్టింగ్స్ మీద 1788లో విచారణ మొదలైనప్పుడు రాణిగారిచ్చిన టికెట్టుతో వెళ్లి చూసి ఆ ముచ్చట్లూ రాసింది. ఎవరూ కాని మనిషికి రాసుకున్న పిల్లకి ఇప్పుడు చదివే మనిషి దొరికింది.

చిక్కి శల్యమైపోయాకగానీ తండ్రి మనసు కరగలేదు. 1791లో ఏడాదికి వంద పౌన్ల పింఛనుతో ఫానీ కొలువునుంచి బయటపడింది.

నలభై ఒకటో ఏట పెళ్లి

ఫ్రాన్సులో విప్లవం వచ్చి, అక్కడి పెద్ద కుటుంబాలవాళ్లు ప్రాణాలు దక్కించుకుని ఇంగ్లండు చేరుతున్న రోజులవి. వాళ్లలో అలెగ్జాండర్ దార్బ్లే ఒకాయన. సైన్యాధికారి. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఆమె ఆయనకి ఇంగ్లీషు, ఆయన ఆమెకి ఫ్రెంచి చెప్పుకుంటూ దగ్గరయ్యారు. ఆయన పరాయి దేశంవాడు, కాథలిక్కు, ఆస్తి లేనివాడు. తండ్రికి ఏమాత్రం నచ్చలేదు. ఆ వయసులో మొదటిసారి ఫానీ తన మాట నెగ్గించుకుంది. 1793 జూలైలో పెళ్లి జరిగింది. తండ్రి రాలేదు. అన్న జేమ్స్ దగ్గరుండి చేయించాడు.

వాళ్లది అన్యోన్యమైన సంసారం. 1794లో కొడుకు పుట్టాడు. 1796లో 'కమిల్లా' అనే నవల రాసింది. ఆ డబ్బుతో చిన్న ఇల్లు కట్టుకుని దానికి కమిల్లా కాటేజీ అనే పేరు పెట్టుకున్నారు. ఆడమనిషి కలం సంపాదనతో లేచిన ఇల్లు అది.

ఆ సంతోషంలోనే పెద్ద దెబ్బ తగిలింది. 1800 జనవరి 6న సుసానా చనిపోయింది. ఏళ్ల తరబడి తన ఉత్తరాలన్నీ చదివిన చెల్లెలు. అంతటి ఆత్మీయురాలు పోయాక ఫానీకి మిగిలిన పెద్ద దిక్కు అక్క ఎస్తరే.

సముద్రానికి అవతల

భర్తకి సొంత దేశంలో పోయిన ఆస్తి, ఉద్యోగం ఏమైనా దక్కుతాయేమోనని 1802లో కొడుకుని తీసుకుని ఫ్రాన్సు వెళ్లింది. ఏడాదో ఏడాదిన్నరో ఉండి వచ్చేద్దామనుకుంది. 1803 మేలో రెండు దేశాలకీ మళ్లీ యుద్ధం మొదలైంది. అంతే! దారులు మూసుకుపోయాయి. నెపోలియన్ పాలనలో ఆమె శత్రుదేశం ఆడపడుచు. మధ్యలో ఉన్నది చిన్న సముద్రపు పాయే అయినా, పదేళ్లపాటు పుట్టింటి గడప తొక్కలేకపోయింది.

టపా సరిగ్గా నడవదు. ఎవరైనా అటు వెళ్లేవాళ్లు దొరికితే చేతికిచ్చి పంపాలి. అదీ చేరుతుందో లేదో నమ్మకం లేదు. ఎనభై దాటిన తండ్రి ఎలా ఉన్నాడో తెలీదు. ఎవరైనా పోతే నెలల తర్వాత తెలిసేది. భర్త ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగం చేసి కుటుంబాన్ని లాక్కొస్తున్నాడు. కన్నవాళ్ల కబురందని ఆ బతుకులో, 1810 ఆగస్టులో, కుడి రొమ్ములో నొప్పి మొదలైంది.

సిగ్గు, భయం, ఆలస్యం

మొదట పట్టించుకోలేదు. అదే తగ్గిపోతుందిలే అనుకుంది. భర్త కనిపెట్టి డాక్టరుకి చూపించుకోమని వెంటపడ్డాడు. ఆమె వాయిదాలు వేసింది. పరాయి మగాడికి చూపించాలంటే సిగ్గు. నిజం తెలిస్తే ఎలా అనే భయం. ఒక స్నేహితురాలు, భర్త కలిసి పోరాక ఎట్టకేలకు ఒప్పుకుంది. రెండు వందల ఏళ్ల కిందటి పారిస్ సంగతి చెబుతున్నాను. మన వీధిలో సంగతిలా అనిపించడం లేదూ?

పెద్దపేరున్న డాక్టర్ దుబ్వా వచ్చి చూసి, ఆమెకి ఏదో మందు రాసిచ్చి, భర్తని పక్కకి పిలిచి ఆపరేషన్ తప్పదని చెప్పాడు. భర్త ముఖం చూసి ఆమె గ్రహించేసింది. ఆ తర్వాత నెపోలియన్ సైన్యానికి శస్త్రవైద్యుడైన బారన్ లారే దగ్గరికి వెళ్లారు. యుద్ధభూమి నుంచి గాయపడ్డవాళ్లని వెంటనే తరలించే బళ్లు ఏర్పాటు చేసి పేరు తెచ్చుకున్నది ఆయనే. కోత లేకుండా నయం చెయ్యాలని ఆయన శ్రద్ధగా ప్రయత్నించాడు. కొన్నాళ్లు తగ్గినట్టే కనిపించింది. మళ్లీ తిరగబెట్టింది. డాక్టర్లంతా కూడి మాట్లాడుకుని ఆపరేషన్‌కే తీర్పిచ్చారు. ఆ మాట చెప్పేటప్పుడు లారే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బాధ చాలా ఉంటుందని డాక్టర్లు దాచలేదు. అరుపు ఆపుకోవద్దనీ, గట్టిగా అరవమనీ ముందే చెప్పారు. ఏ రోజు చేస్తారో మాత్రం చెప్పలేదు. ముందుగా తెలిస్తే భయంతో సగమైపోతుందని వాళ్ల ఉద్దేశం. ఆమె మనసులో ఒక్కటే నిర్ణయించుకుంది. ఆ సమయానికి భర్త ఇంట్లో ఉండకూడదు. ఆయన చూసి తట్టుకోలేడు.

సెప్టెంబరు 30, 1811

ఆ రోజు పొద్దున్న ఆమె ఇంకా మంచం మీద ఉండగానే కబురందింది. ఇవాళే! భర్తని ఏదో పని మిషతో కార్యాలయంలోనే ఆపేలా ఏర్పాటు చేసింది. కొడుకుని బయటికి పంపేసింది. గది తనే సిద్ధం చేయించింది. డాక్టర్లు రావడం మధ్యాహ్నం మూడింటికి జరిగింది. అన్ని గంటలూ ఎదురుచూపే. పక్క గదిలోకి వెళ్లి చూస్తే కట్లు కట్టే గుడ్డలు, స్పాంజీలు, దూది పోగులు కుప్పగా ఉన్నాయి. ఒక్కసారి కడుపులో తిప్పినట్టయింది. ఆ గదిలో అటూ ఇటూ తిరిగి, మనసు మొద్దుబారేదాకా తిరిగి, కూర్చుని భర్తకీ కొడుక్కీ చెరో చిన్న ఉత్తరం రాసింది. తను బతక్కపోతే వాళ్లు చదువుకోవడానికి!

నల్ల దుస్తులు వేసుకున్న ఏడుగురు మగవాళ్లు గదిలోకి వచ్చారు. ద్రాక్షసారాయంలో కలిపిన ఏదో మందు తాగించారు. ఆమెకి దక్కిన ఉపశమనం అంతే. పాత పరుపులు వేసిన మంచం గది మధ్యకి జరిపించారు. ఆడవాళ్లని బయటికి పొమ్మంటే ఆమె ఎదురు తిరిగింది. తన మనిషి ఒకరైనా దగ్గరుండాలని పట్టుబట్టింది. చివరికి ఒక్క నర్సు మాత్రం మిగిలింది.

ముఖం మీద పల్చటి రుమాలు కప్పారు. అందులోంచి అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. చుట్టూ మూగిన మనుషులు, మెరిసే కత్తి. దుబ్వా వేలితో గాలిలో గీత గీసి చూపించడం కనిపించింది. గడ్డ ఒక్కటే తీస్తారనుకున్న ఆమెకి రొమ్ము మొత్తం తీసేస్తారని అప్పుడు తెలిసింది. రొమ్ము ఎవరు పట్టుకుంటారని డాక్టరు అడిగితే ఎవరూ పలకలేదు. నేనే పట్టుకుంటానని ఆమె లేచింది.

తర్వాతి ఇరవై నిమిషాలూ ఆమె అరుస్తూనే ఉంది. రెండుసార్లు స్పృహ తప్పింది. కత్తి ఎముకని గీరడం కూడా ఆమెకి తెలిసింది. అంతా అయ్యాక కళ్లు తెరిచి చూస్తే లారే ముఖం పాలిపోయి, దానిమీద నెత్తుటి చారలు ఉన్నాయి. ఆ క్షణంలోనూ ఆయన మీద జాలిపడింది ఆమె!

ఇలా చెబుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆనాటికి ఇంతకంటే మార్గం లేదు. అంతకి ఏడేళ్ల ముందే, 1804లో, జపాన్‌లో హనవోకా సెయ్‌షు అనే వైద్యుడు మూలికలతో మత్తిచ్చి రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేశాడు. జపాన్ తలుపులు అప్పట్లో బయటి ప్రపంచానికి మూసి ఉన్నాయి, ఆ సంగతి యూరప్‌కి తెలియనే లేదు. ఈథర్‌తో మత్తివ్వడం 1846లో అమెరికాలోని బోస్టన్‌లో నలుగురి ముందూ చేసి చూపించారు. అప్పటికి ఫానీ పోయి ఆరేళ్లు.

ఎందుకు రాసింది?

మొదట ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది. దూరాన ఉన్నవాళ్లు విని ఏం చెయ్యగలరు, బెంగపడి కూర్చోవడం తప్ప! ముసలి తండ్రి తట్టుకోలేడు. అయితే ఇలాంటి కబురు దాగుతుందా? ఆ నోటా ఈ నోటా సముద్రం దాటి అక్క చెవిన పడితే, పడేసరికి అది ఏ రూపంలో ఉంటుందో! చచ్చిపోయిందనే చెప్పొచ్చు. అందుకే తన నోటితోనే చెప్పాలనుకుంది. తను బతికి ఉన్నాననీ, తనవాళ్లు తనని ఎంత ప్రేమగా చూసుకున్నారో, డాక్టర్లు ఎంత దయగా ఉన్నారో చెప్పి, ఆ తర్వాతే మిగిలింది చెప్పాలనుకుంది.

చెప్పడం మొదలుపెట్టాక దేన్నీ దాచలేదు. సిగ్గుపడి ఆలస్యం చేసిన సంగతీ దాచలేదు, భయపడి కేకలు పెట్టిన సంగతీ దాచలేదు. పెద్ద ధైర్యవంతురాలిలా చూపించుకోలేదు. ఆపరేషన్ అయిన తొమ్మిది నెలల తర్వాత కూడా ఆ మాటలు తలుచుకుంటే తలనొప్పి వచ్చేదంటే ఎంత కష్టపడి రాసిందో చూడండి. పూర్తయ్యాక తిరగేసి చదువుకునే ధైర్యం కూడా లేకపోయింది.

ఒక్కటి గమనించండి. ఇది ఆమె అచ్చు వేయించుకుందామని రాసింది కాదు. చేతిలో నవలలు రాసే కలం ఉంది, ఆమె పేరు చూసి కొనే పాఠకులున్నారు. అయినా ఆ బాధని ఏ నవలగానూ మార్చలేదు. అక్కకే చెప్పుకుంది. పదిహేనేళ్ల వయసులో చెప్పుకునేందుకు మనిషి లేక ఊహల్లో ఒక స్నేహితురాలిని కల్పించుకున్న ఆడపిల్ల, యాభై తొమ్మిదో ఏట తన ఒంట్లో జరిగిన అతి పెద్ద ఘోరాన్ని తోబుట్టువు ముందు పెట్టింది. ఆమె దేశానికీ అక్క దేశానికీ యుద్ధం నడుస్తోంది. ఆ రెండు ఇళ్ల మధ్య ఉన్న దారి ఆ కాగితాలే.

ఇంకా ఇరవయ్యెనిమిదేళ్లు

1812 ఆగస్టులో కొడుకుని తీసుకుని ఎలాగో ఓడ ఎక్కి ఇంగ్లండు చేరింది. పదేళ్ల తర్వాత తండ్రిని చూసింది. అక్కని చూసింది. 1814లో తండ్రి పోయేదాకా దగ్గరుండి సేవ చేసింది. అదే ఏడు ఆఖరి నవల 'ది వాండరర్' అచ్చయింది. మళ్లీ భర్త దగ్గరికి వెళ్లింది. 1815లో వాటర్లూ యుద్ధం జరిగినప్పుడు దగ్గర్లోని బ్రస్సెల్స్‌లో ఉండి ఫిరంగుల మోత వింది.

1818లో భర్త పోయాడు. ఆయనని బలి తీసుకున్నదీ క్యాన్సరే. 1832లో ఎనభయ్యో పడిలో అడుగుపెడుతూ తండ్రి జీవిత చరిత్ర ప్రచురించింది. ఆ ఏడే అక్క ఎస్తర్ కన్నుమూసింది. 1837లో ఒక్కగానొక్క కొడుకూ పోయాడు. ఇందరిని సాగనంపి, 1840 జనవరి 6న, ఎనభయ్యేడేళ్ల వయసులో ఫానీ చనిపోయింది. నలభై ఏళ్ల కిందట సుసానా పోయిన రోజూ అదే.

అంటే ఆపరేషన్ తర్వాత ఇరవయ్యెనిమిదేళ్లకి పైగా బతికింది. అది నిజంగా క్యాన్సరేనా అని ఈనాటి డాక్టర్లలో కొందరికి సందేహం ఉంది. గడ్డని సూక్ష్మదర్శినితో పరీక్షించి తేల్చే పద్ధతి అప్పట్లో లేదు మరి. ఆమెని చూసిన డాక్టర్లందరూ క్యాన్సరనే నమ్మారు. అనుభవించిన బాధలో మాత్రం ఏ సందేహమూ లేదు.

ఆమె పోయాక చెల్లెలి కూతురు డైరీలు, ఉత్తరాలు సంపుటాలుగా తెచ్చింది. ఆ ఆపరేషన్ ఉత్తరం ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉంది.

మన సంగతి

మన దేశంలో ఆడవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ రొమ్ము క్యాన్సరే. ఫానీకి లేనివన్నీ మనకున్నాయి. మత్తుమందు ఉంది. మామోగ్రామ్ ఉంది. తొలిదశలో పట్టుకుంటే రొమ్ము మొత్తం తీయకుండానే వైద్యం చేసే వీలు చాలామందికి ఉంది. కీమోథెరపీ, రేడియేషన్, మాత్రలు... ఎన్నో వచ్చాయి. రానిదల్లా ఒక్కటే, నోరు తెరిచి చెప్పే అలవాటు. రొమ్ము అనే మాట అనడానికే గొంతు తగ్గిస్తాం. అబ్బాయి పరీక్షలైపోనీ, అమ్మాయి పెళ్లైపోనీ, పండగ వెళ్లనీ అంటూ నెలలు దాటిస్తాం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంటాం.

చేతికి గడ్డలాంటిది తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, దాన్నుంచి నెత్తుటి చుక్క కనిపించినా, ఆకారం మారినట్టు అనిపించినా వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. క్యాన్సర్ గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. చాలావరకూ కావు. ఆ తేడా తేల్చాల్సింది పరీక్ష. మన భయం కాదు, పక్కింటావిడ సలహా కాదు.

ఇక జబ్బు వచ్చిందే అనుకోండి. మన ఇళ్లల్లో మొదటి మాట ఎవరికీ చెప్పొద్దనే కదా! పిల్లల సంబంధాలకి అడ్డమనీ, నలుగురూ జాలిగా చూస్తారనీ! దాంతో ఆ మనిషి ఆసుపత్రి మంచం మీద ఒంటరిదైపోతుంది. జుట్టు రాలిపోతుంటే అద్దం ముందు ఒంటరిగా ఏడుస్తుంది. ఊరందరికీ చెప్పక్కర్లేదు. ఫానీ కూడా చెప్పలేదు. అక్కకో, చెల్లికో, చిన్ననాటి స్నేహితురాలికో, ఎవరో ఒకరికి దాచకుండా చెప్పాలి. ఫోన్లో గొంతు పెగలకపోతే రాయండి. ఒక్క రోజులో రాయలేకపోతే మూడు నెలలు రాయండి.

అలాంటి కబురు మీ దగ్గరికి వస్తే, అంతా బాగైపోతుందిలే అని మాట తుంచెయ్యకండి. కూర్చుని పూర్తిగా వినండి. చెప్పే మనిషికి ఎంత అవసరమో, వినే మనిషీ అంతే అవసరం. ఎస్తర్ లేకపోతే ఆ ఉత్తరమే లేదు.